నలభై సెంటీమీటర్ల లోతున

9 నవంబర్ 2024, మధ్యాహ్నం

ఈ రోజు చూశాను.

మూడు నెలలుగా రీసెర్చ్ పేపర్లలో చదువుతున్నదాన్ని నా కళ్లతో చూశాను. ల్యాబ్ పక్కనున్న స్టోర్ రూమ్ కిటికీకి నల్ల చార్ట్ అంటించి, తలుపు కింద తువ్వాలు కుక్కి చీకటి చేసుకున్నాను. ఫిల్టర్ పేపర్‌ని మైక్రోస్కోప్ కింద పెట్టి నీలం లైట్ వేశాను. మొదట ఏమీ కనపడలేదు. ఫోకస్ మెల్లగా తిప్పుతుంటే ఒకటి వెలిగింది. పసుపుపచ్చగా, గురిగింజలో వందో వంతు కూడా ఉండదు. దాని పక్కన ఇంకొకటి. తర్వాత ఒక సన్నటి పోగు, వంకర తిరిగి, నిప్పుతో గీసినట్టు.

ఎర్రచెరువు నీళ్లు అవి. వర్ధన్నపేట దాటి లోపలికి వెళ్తే వస్తుంది. సీసాలో పట్టినప్పుడు తేటగా ఉన్నాయి. నైల్ రెడ్ అనే రంగు వేస్తే అది ఇసుకకు అంటదు, ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది. నీలం లైట్ పడగానే వెలుగుతుంది. ఇంతే కిటుకు. ఎన్నిసార్లు చదివానో. చదవడం వేరు.

ల్యాబ్‌లో పనిచేసే రాజక్క టీ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చింది. చూడమన్నాను. ఒక కన్ను మూసి, చాలాసేపు చూసింది.

"గివన్నీ తాగే నీళ్లల్ల ఉంటయా? మరి మన కండ్లకెందుకు కనవడయి?"

రంగు వేస్తేనే కనపడతాయన్నాను. భయపడాల్సిన చోట నాకు అందంగా కనిపించింది. ఈ మాట మా గైడ్ కిషన్ రావు సార్‌తో అనలేను.

11 నవంబర్

లీటరు నీళ్లలో పద్నాలుగు. బ్లాంక్‌లో ఒకటి.

బ్లాంక్ అంటే ఏమీ లేని శాంపిల్. శుభ్రం చేసిన నీళ్లకు కూడా అవే పనులన్నీ చేసి చూడాలి. అందులో ఏదైనా దొరికితే అది చెరువుది కాదు, మనది. మన గాలిది, మన చేతులది. పీహెచ్‌డీలో చేరిన మొదటి వారం సార్ నేర్పిన పాఠం.

24 నవంబర్, ఆదివారం

ఒళ్లంతా బురద. రెండుసార్లు స్నానం చేసినా గోళ్లలో ఉంది.

చెరువు అడుగున బురద ఏటేటా పొరపొరగా పేరుకుంటుంది. పైపును నిలువుగా దింపి తీస్తే కాలాన్ని కోసి తీసినట్టే. పైపొర ఈ ఏడాది. కిందికి పోయేకొద్దీ నేను పుట్టిన ఏడు, అమ్మ పుట్టిన ఏడు, తాత పుట్టిన ఏడు. ఏ పొరలో ఎంత ప్లాస్టిక్ ఉందో లెక్కపెడితే అది ఈ నీళ్లలోకి ఎప్పుడు అడుగుపెట్టిందో తెలుస్తుంది. నా థీసిస్ మొత్తం ఇదే.

పీవీసీ పైపు తెస్తానంటే సార్ నవ్వారు. ప్లాస్టిక్‌ను వెతకడానికి ప్లాస్టిక్‌తో పోతావా అన్నారు. వెల్డింగ్ షాపులో స్టీలు పైపు చేయించాను.

ఎర్రచెరువులో చేపలు పట్టే కట్టయ్య కాక తన థర్మాకోల్ తెప్ప మీద తీసుకెళ్లాడు. ఎక్కడ దింపాలో నాకు తెలియదు. మొన్నటి పూడికతీతలో జేసీబీలు చెరువంతా గీకేశాయి. గీకిన చోట కాలం ఉండదు. కాక తెప్పను తూర్పు వైపు ఒక మడుగు మీదికి తోశాడు.

"ఈడికి జేసీబీ రాలే బిడ్డా. దిగితే మునుగుతదని డ్రైవర్ భయపడ్డడు. ఈ మడుగు నేను పుట్టినకాంచి ఎండలే. మా నాయిన కూడా ఎండింది చూడలేనన్నడు."

ఇద్దరం పైపు మీద పడి తొక్కాం. అరవై సెంటీమీటర్లు దిగింది. పైకి లాగాక చిన్న ముక్క తీసి వాసన చూశాను. తడి ఇనుము వాసన. పైపు అడుగున ఉన్న బురద ఆఖరుసారి ఎండ చూసినప్పుడు ఈ దేశంలో ప్లాస్టిక్ అనే మాటే ఉండి ఉండదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాను. కండక్టర్ ఏంటమ్మా అదని అడిగాడు. బురద అన్నాను. ఇంకేం అడగలేదు.

4 డిసెంబర్

రెండేసి సెంటీమీటర్ల బిళ్లలుగా కోయడం అయింది. మొత్తం ముప్పై. ఒక్కోదాన్ని రెండు సగాలు చేసి, ఒక సగం ఫాయిల్‌లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టాను. సగం దాచుకోవడం సార్ అలవాటు.

చలి మొదలైంది. హనుమకొండలో నేపాలీ వాళ్లు స్వెట్టర్ల దుకాణాలు పెట్టారు. పాలరంగుది ఒకటి కొన్నాను. ఒళ్లంతా పిల్లి పడుకున్నట్టు వెచ్చగా ఉంది.

17 డిసెంబర్

చేపలు కూడా చూద్దామన్నారు సార్. కట్టయ్య కాక భార్య మొగిలమ్మ చిన్నమ్మ రోజూ వర్ధన్నపేటకు గంప తీసుకెళ్లి అమ్ముతుంది. ఆమె ఇరవై చేపలు విడిగా పెట్టి ఇచ్చింది. రవ్వ, బొచ్చె. పేగులు కోసి, రసాయనంలో కరిగించి, మిగిలింది వడకట్టాలి. చేప పొట్టలో ఏం మిగులుతుందో చూడటానికి ఏమిటో తొందర, పండగ పూట మూట విప్పుతున్నట్టు.

20 డిసెంబర్

బురదకు, చేపలకు ఈసారి బ్లాంక్ చేయలేదు. టైం లేదు. నవంబర్‌వి ఉన్నాయి, చాలు.

2 జనవరి 2025

ఒక్కో చేపలో సగటున తొమ్మిది. ఇరవై చేపల్లో ఒక్కటి కూడా తప్పించుకోలేదు. ఎక్కువగా పోగులు, మసకగా వెలిగేవి.

ఇంత వస్తుందని ఎవరూ అనుకోలేదు. సార్ నా నోట్స్ మూడుసార్లు తిరగేసి, కుర్చీలోంచి లేచి, నవ్యా, దేశంలో ఎక్కడా చెరువు చేపల్లో ఇంత చూడలేదని అన్నారు. కేసముద్రంలో నాన్నకు ఫోన్ చేశాను. మార్కెట్ యార్డులో కాంటాల చప్పుడు మధ్య ఆయనకు సగమే వినిపించింది. మంచిదా చెడ్డదా అని అడిగాడు. రెండూ అన్నాను.

9 జనవరి

పేపర్లో వచ్చింది. జిల్లా పేజీలో పైన. ఎర్రచెరువు చేపల్లో ప్లాస్టిక్ అని పెద్దక్షరాలు. రిపోర్టర్ సార్‌తో పది నిమిషాలు మాట్లాడాడట. నా పేరు కూడా ఉంది. కత్తిరించి దాచుకున్నాను. రాజక్క ఫొటో ఎందుకు వెయ్యలేదని బాధపడింది.

18 జనవరి, సాయంత్రం

కట్టయ్య కాక ఫోన్ చేశాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే బాగుండేది.

"నువ్వు మంచికే రాసినవట బిడ్డా. గానీ ఈడ చాప ఎవ్వలు కొంటలేరు. మీ చిన్నమ్మ నిండు గంపతోని పోయి నిండు గంపతోనే వస్తాంది. ప్లాస్టిక్ చాపలా అని నవ్వుతాండ్లట. ఇంకో చెరువు చాపలని అబద్ధం ఆడుమంటే ఆమె ఆడది. ఏం చేద్దాం మరి?"

ఉన్నది ఉన్నట్టే కొలిచామని చెప్పాను. సైన్స్ అన్నాను. ఆయన సరే బిడ్డా అని పెట్టేశాడు.

ఆ సరే చెవిలోనే ఉంది.

1 ఫిబ్రవరి

బురద వయసు వచ్చింది. బురదలో సహజంగా ఉండే ఒక రకం సీసం ఏళ్లు గడిచేకొద్దీ తరిగిపోతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే ఆ పొర ఎప్పటిదో చెప్పొచ్చు. హైదరాబాద్ ల్యాబ్ వాళ్లు పట్టిక పంపారు. పది సెంటీమీటర్ల దగ్గర దాదాపు 2000. ముప్పై దగ్గర 1950. నలభై దగ్గర 1925 ప్రాంతం.

వేలితో ఆ వరుసలు తడిమాను. నేను చెంచాతో తీసి గిన్నెలో వేసిన పొర మీద ఒకప్పుడు ఎవరి వలో పడి ఉంటుంది.

తర్వాత, డిసెంబర్‌లో ఆ బిళ్లల్లో నేను లెక్కపెట్టిన పోగుల అంకెలు ఆ పట్టిక పక్కన పెట్టుకున్నాను.

నలభై సెంటీమీటర్ల దగ్గర పదకొండు పోగులు.

1925లో పదకొండు. అప్పటికి ప్లాస్టిక్ దారం భూమ్మీద పుట్టనేలేదు.

3 ఫిబ్రవరి

సార్‌కు చూపించాను. ఎండాకాలం చెరువు ఎండితే నెర్రెలు పడతాయి, పైన ఉన్న పోగులు వాటిలోంచి కిందికి జారి ఉంటాయని అన్నారు. పుస్తకాల్లో అలాంటివి ఉన్నాయి. థీసిస్‌లో ఒక పేరా రాస్తే సరిపోతుంది. నాకూ హాయిగా అనిపించింది.

బయటికి వచ్చి మెట్ల మీద ఉండగా గుర్తొచ్చింది. ఆ మడుగు ఎండదు. ఎండని మడుగులో నెర్రె ఎక్కడిది?

5 ఫిబ్రవరి

పోగులు దేనితో చేసినవో చెప్పే ఎఫ్‌టీఐఆర్ రిపోర్ట్ కూడా వచ్చింది. ప్రతి పదార్థం కాంతిని తనదైన పద్ధతిలో మింగుతుందట. వెంట్రుకకన్నా సన్నటి పోగు మీద ఒక కిరణం వేస్తే అది తన పేరు తాను చెప్పుకుంటుంది. మామూలు రోజైతే దీని గురించే పేజీ నిండా రాసేదాన్ని.

వందలో డెబ్బై ఎనిమిది అక్రిలిక్.

వల నైలాన్. సంచులు వేరే. మిరప చేలల్లో పరిచే షీటు వేరే. ఎర్రచెరువు దగ్గర అక్రిలిక్ ఎవరు వాడతారు?

6 ఫిబ్రవరి, ఉదయం 7

కుర్చీ మీద వేలాడుతోంది. పాలరంగు స్వెట్టర్. లోపల లేబుల్ ఉంది. నూటికి నూరు అక్రిలిక్.

6 ఫిబ్రవరి, సాయంత్రం

చేసి చూశాను. ఖాళీ గిన్నెలో శుభ్రమైన నీళ్లు. స్వెట్టర్ వేసుకుని, రసాయనం వాసన పోవడానికి వేసే ఫ్యాన్ కింద, ఎప్పటిలాగే పని చేశాను. పదమూడు పోగులు. తర్వాత స్వెట్టర్ తీసి బయట పెట్టి, అవే పనులు మళ్లీ చేశాను. రెండు.

చేపలవి, బురదవి, అన్నీ డిసెంబర్‌లో చేసినవే. ఒక్క బ్లాంక్ కూడా లేకుండా.

చీకటి గదిలో ఆ పదమూడు పోగులను చూస్తూ కూర్చున్నాను. మసకగానైనా ఎంత తీరుగా వెలుగుతున్నాయో. నేను కదిలినప్పుడల్లా నా నుంచి రాలుతున్నాయి. తలుపు దగ్గర, టేబుల్ మీద, అన్నం తినేటప్పుడు అన్నంలో. నేను నడిచిన దారంతా నాది ఏదో పడుతూనే ఉంది, నాకు తెలియకుండా. చెరువును కొలుస్తున్నాననుకున్నాను. నన్ను నేను కొలుచుకున్నాను.

అందంగానే ఉన్నాయి. అదే భరించలేకపోయాను.

7 ఫిబ్రవరి

ఎవరికీ చెప్పలేదు.

8 ఫిబ్రవరి

ఎవరికీ చెప్పలేదు. నెర్రెల పేరా రాశాను. బాగానే వచ్చింది. చింపేశాను.

10 ఫిబ్రవరి

సార్‌కు చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చుంటే మాట రాదేమోనని. స్వెట్టర్ కవర్లో పెట్టి తీసుకెళ్లాను, దొంగ సొత్తు అప్పజెప్పినట్టు.

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు. మార్చిలో ప్రాజెక్ట్ రివ్యూ ఉంది. ఇంకెవరికైనా తెలుసా అని అడిగారు. లేదన్నాను. 

లాగ్‌బుక్ తెమ్మన్నారు. డిసెంబర్ 20 పేజీ తీశారు. బ్లాంక్ అన్న గడి ఖాళీగా ఉంది. కింద ఆయన సంతకం ఉంది. వేలు ఆ సంతకం మీద పెట్టారు.

"ఇది చూడకుండనే పెట్టిన. పేపరోళ్లకు చెప్పింది నేను. వాళ్లకు ఫోన్ నేనే చేస్త. చెరువు కాడికి మాత్రం నువ్వు పో."

ఇరవై ఏళ్ల సర్వీసులో ఒక సంఖ్య వెనక్కి తీసుకోవడం ఇదే మొదలు అని, నేను తలుపు దాటేటప్పుడు, తనలో తాను అనుకున్నట్టు అన్నారు.

12 ఫిబ్రవరి

కట్టయ్య కాక వల కుట్టుకుంటున్నాడు. తప్పు నాదేనని, ఆ పోగులు చాలావరకు నా బట్టల నుంచి పడ్డవని చెప్పాను. ఆయన సూది ఆపి విన్నాడు. అర్థమైందో లేదో. మొగిలమ్మ చిన్నమ్మకు వెంటనే అర్థమైంది. వంటింట్లోంచి బయటికి వచ్చింది.

"మాకెందుకు చెప్తానవ్? కొనెటోళ్లకు చెప్పు. నెల దినాలాయె, నా గంప దిక్కు చూసెటోడు లేడు. పేపర్ల ఏసినప్పుడు ఊరందరికీ తెలిసె. తప్పయిందంటే మా ఇంటికచ్చి మా చెవుల చెప్తానవా?"

ఆమె అన్నదాంట్లో ఒక్క తప్పు మాట లేదు.

16 ఫిబ్రవరి, ఆదివారం

పొద్దున్నే వర్ధన్నపేటలో మొగిలమ్మ చిన్నమ్మ గంప పక్కన కూర్చున్నాను. ఆగినవాళ్లందరికీ చెప్పాను. పేపర్లో వచ్చిన లెక్క నాదే, అది తప్పు, నా స్వెట్టర్ దారాలు కలిశాయి, మళ్లీ కొలుస్తున్నాం. ముగ్గురు నలుగురు గుమిగూడారు. తెల్ల లుంగీ కట్టుకున్న ఒక పెద్దాయన, అయితే వీటిల ప్లాస్టిక్ లేనట్టేనా అని అడిగాడు.

నోటిదాకా వచ్చింది లేదని. ఒక్క మాట. చిన్నమ్మ నా మొహంలోకి చూస్తోంది.

"ఇంకా తెల్వదు పెద్దయ్యా. కొంత ఉండొచ్చు. ఎంతనో కొలిస్తేనే తెలుస్తది."

"ఓ, గట్లనే చెప్తానవా!" అని చిన్నమ్మ నెత్తి కొట్టుకుంది. "ఇగ కొన్నట్టే!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు. ఇన్ని రోజులల్ల మాకు తెల్వదని చెప్పిన సదువుకున్న మనిషివి నువ్వే అని, ఒక రవ్వ తూకం వేయించుకున్నాడు. ఆయన వెనక ఒకామె, పొట్ట మంచిగ కడిగియ్యి అని ఇంకొకటి అడిగింది. గంప ఖాళీ కాలేదు. సగమైంది.

తిరిగి వచ్చేటప్పుడు చిన్నమ్మ గంప నెత్తిన పెట్టుకుని నాకన్నా ముందు నడిచింది. బస్సు ఎక్కేముందు మాత్రం నా చేతులకు చేప వాసన పోవాలంటే నిమ్మతొక్కతో రుద్దుకోమంది.

24 ఫిబ్రవరి

మొదటి నుంచి మళ్లీ. ఫ్యాన్ బంద్. కిటికీలు బంద్. అన్నిటి మీదా గాజు మూతలు. నూలు కోటు, కింద నూలు చీర. రాజక్క పొద్దున, సాయంత్రం తడిగుడ్డతో టేబుళ్లు తుడుస్తోంది, ఆమె కూడా నూలు చీరలోనే వస్తోంది, నేను అడగకముందే. ల్యాబ్‌కు మడి కట్టుకుని వస్తున్నమని అందరికీ చెప్తోందట.

ప్రతి శాంపిల్‌కు ఒక బ్లాంక్. ప్రతిదానికీ.

8 మార్చి

బ్లాంక్: ఒకటి. ఒకటి. సున్నా. ఒకటి. సున్నా. సున్నా.

సున్నా వచ్చినప్పుడల్లా గాలి బిగబట్టి మళ్లీ చూస్తున్నాను.

21 మార్చి

కొత్త చేపలు ఇరవై. బ్లాంక్ తీసేస్తే ఒక్కోదానిలో సగటున ఒకటిన్నర. ఆరు చేపల్లో ఏమీ లేదు. పేపర్లో లోపలి పేజీలో సవరణగా నాలుగు లైన్లు వేశారు. సార్ దాన్ని నోటీస్ బోర్డుకు పిన్ను కొట్టారు. రివ్యూలో వాళ్లు ఆయన్ని గట్టిగానే అడిగారట. వివరాలు చెప్పలేదు. లాగ్‌బుక్‌లో మాత్రం ఇప్పుడు ప్రతి గడీ చదివి సంతకం పెడుతున్నారు.

30 మార్చి

ఉగాది. ఊరికి పోలేదు. ఫ్రీజర్‌లో దాచిన సగాలు చేస్తున్నాను, పైనుంచి కిందికి.

పైపొరల్లో నిజంగానే ఉంది. నీలం వల పోగులు. చేను షీటు తునకలు, నల్లగా, చింపిన కాగితంలా. థర్మాకోల్ తెల్లటి నలుసులు. ఇవి నావి కావు. ఆరు సెంటీమీటర్ల తర్వాత షీటు లేదు. పన్నెండు తర్వాత థర్మాకోల్ లేదు. ఒక్కొక్కటే వెనక్కి వెళ్లిపోతున్నాయి, వచ్చినవాళ్లు వచ్చిన దారినే తిరిగిపోతున్నట్టు. ఇరవై ఆరు దగ్గర ఒకే ఒక్క పోగు.

గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. అయినా గుసగుసగా లెక్కపెడుతున్నాను.

4 ఏప్రిల్

కట్టయ్య కాకకు థర్మాకోల్ గురించి చెప్పాను. ఆ నలుసులు తెప్పల నుంచే అని. దాచడం ఇక నా వల్ల కాదు. ఆయన తన తెప్ప అంచును బొటనవేలితో నొక్కి చూశాడు. నాలుగు గింజలు రాలి నీళ్ల మీద తేలాయి.

"మరి దేని మీద పోవాలె బిడ్డా?"

తెలియదన్నాను. ఆయన పాత యూరియా సంచి తెచ్చి ఆ అంచుకు కుట్టడం మొదలుపెట్టాడు. అదీ ప్లాస్టికే. చెప్పాను. ఇద్దరం నవ్వాం. కుట్టడం మాత్రం ఆపలేదు. గింజలైతే రాలవు కదా అన్నాడు.

11 ఏప్రిల్

మొగిలమ్మ చిన్నమ్మ మోకాలు చూపించుకోవడానికి దవాఖానకు వచ్చి, అటే ల్యాబ్‌కు వచ్చింది. నలభై సెంటీమీటర్ల ఫిల్టర్ అప్పుడే పెట్టాను. నా కన్నా ముందు ఆమెనే చూడమన్నాను. నీలం లైట్ వేశాను.

"ఏం లేదు గదనే. చీకటే ఉంది."

"అదే చూడు చిన్నమ్మా."

ఆమె కన్ను తీయలేదు. 

గది లైట్ వేశాక, అదే పొరను జల్లెడ పట్టినప్పుడు మిగిలిన ఒక తునకను చూపించాను. పల్చగా, గోరంత కూడా లేదు. నేను అభ్రకం అనుకుని పక్కన పెట్టాను. చిన్నమ్మ వంగి, వేలు తగిలించకుండా, ఒక్క క్షణం చూసింది.

"రవ్వ పొలుసు. పిల్ల చాపది."

బ్లాంక్: 0
40 సెం.మీ.: 0
పొలుసు: 1